వలలో ప్రతి ముడీ విలువైనదే



యాకోబు, యోహాను తమ తండ్రితో కూడ దోనెలో వలలు బాగుచేసుకొంటుండగా యేసుప్రభువు వారిని పిలిచిన సంగతి మత్తయి సువార్త 4వ అధ్యాయంలో ఉన్నది. ఆ భాగం మీద నేను ఎన్నోసార్లు వాక్యం చెప్పాను. చెప్పిన ప్రతిసారీ వారు అన్నీ విడిచి వెంటనే లేచి వెళ్లడాన్నే నొక్కి చెప్పాను. ఆ సమయంలో వారి చేతుల్లో ఉన్న పని ఎటువంటిదో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. వల బాగుచేయడమంటే ఏమిటో నాకు నేర్పింది ఏ వ్యాఖ్యాన గ్రంథమూ కాదు, సోమశిల రేవులోని ఒక జాలరి.

ఒక గృహకూటం కోసం కొల్లాపూర్ వైపు వెళ్లినప్పుడు కొంచెం తీరిక దొరికి సోమశిల దాకా పోయాను. శ్రీశైలం ప్రాజెక్టు వెనుక నీళ్లతో అక్కడ కృష్ణానది కంటికి ఆనకుండా పరచుకొని ఉంటుంది. ఒడ్డున చెట్టు నీడలో ఒక పెద్దాయన కాలి బొటనవేలికి వల అంచు తగిలించుకొని, నైలాను దారం చుట్టిన చిన్న చెక్కతో చిరుగులు అల్లుతున్నాడు. అయితే చిరుగు కనబడినచోట ఆయన మొదట చేస్తున్న పని నాకు అర్థం కాలేదు. కత్తి తీసుకొని ఆ చిరుగును ఇంకా పెద్దది చేస్తున్నాడు!

"అదేమిటి పెద్దాయనా, చినిగినదాన్ని ఇంకా కోస్తున్నావు?" అన్నాను.

ఆయన నవ్వి, "తెగిన పోగుకు ముడి నిల్వది సారూ. సుట్టూర గట్టి ముడి దొరికేదాంక కొయ్యాలె. ఆడికెళ్లి కొత్తగ అల్లుకొస్తే మల్ల పాత వలతోని కల్సిపోతది. పెద్ద చాప వడి వల చినుగుడు తక్వ. ఒక్క ముడి జారుతది, మనం సూడం. ఆడికెళ్లే వల పోతది" అన్నాడు.

ఆ మాట నన్ను ఇంటికి వచ్చాక కూడా వదలలేదు. ఎందుకంటే అంతకు కొన్ని నెలల ముందే మా సంఘంలో ఒక ముడి జారింది. చూడకుండా వదిలినవాడిని నేనే. ఆ సంగతి కొంచెం ముందుకు పోయాక చెబుతాను. మొదట దేవుడు తన సృష్టిలో వలలను ఎట్లా అల్లాడో చూద్దాము.

ఆకులో ఉన్న వల

పిల్లలున్న ఇంట్లో ఈ పని చేసి చూడండి. ఒక రావి ఆకును కొన్ని వారాలు నీళ్లలో నానబెట్టి, కుళ్లిన పచ్చదనాన్ని మెల్లగా కడిగివేయండి. చేతిలో మిగిలేది సన్నని ఈనెల వల. దుకాణాలలో బొమ్మలు వేసి అమ్మే రావి ఆకులు అటువంటివే. నడిమి ఈనె నుండి పక్క ఈనెలు, వాటి నుండి ఇంకా సన్నవి, చివరికి వెంట్రుకకంటె సన్నని గళ్లు కనబడతాయి. జొన్న, వరి, మొక్కజొన్న ఆకులలో ఈనెలు గీతలు గీసినట్లు పక్కపక్కన పోతాయి. వెలుతురుకు ఎత్తి పట్టి చూస్తే ఆ గీతల నడుమ కూడ సన్నని అడ్డ ఈనెలు ఉంటాయి.

వేరు నుండి వచ్చిన నీటిని ఆకు అంతటికీ పంచేవి ఈ ఈనెలే. నీళ్లు పంచడమే పని అయితే చెట్టు కొమ్మలవలె చీలిపోతూ పోయే ఈనెలు చాలును గదా? ఒకదానితో ఒకటి మళ్లీ కలుసుకొనే ఈ గళ్లు ఎందుకు? 2010లో అమెరికాలోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయపు శాస్త్రవేత్తలు ఎలేని కాటిఫోరి, మార్సెలో మాగ్నాస్కో తమ సహచరునితో కలిసి ఈ ప్రశ్నను పరిశీలించారు. వారు తీసుకొన్నది మన నకిరేకల్ తోటల్లో కనబడే జాతిదే, నిమ్మ ఆకు. దాని నడిమి ఈనెకు రంధ్రం చేసి, మెరిసే రంగునీటిని ఎక్కించారు. నడిమి దారి తెగిపోయింది గనుక ఆకు పైభాగం ఎండిపోవాలి. కాని రంగునీరు ఆ గాయం చుట్టూ ఉన్న చిన్న ఈనెల్లోకి తిరిగి, దాన్ని దాటి, అవతలి భాగాన్ని కూడ చేరింది.

ఆకు బ్రతుకులో గాయం తప్పదు. పురుగు కొరుకుతుంది, మేక తుంచుతుంది, వడగాలి చింపుతుంది. అందుకే సృష్టికర్త ప్రతి గడికీ నీరు ఒకే వైపు నుండి కాక రెండు మూడు వైపుల నుండి వచ్చేలా ఏర్పాటు చేశాడు. ఆ అదనపు ఈనెలు అల్లుకోవడానికి ఆకుకు కొంత ఖర్చు అవుతుంది. అయినా గాయపడిన దినాన ఆకును నిలిపేది ఆ ఖర్చే.

సాలీడు ఇల్లు

బైబిలులో సాలెగూడుకు మంచి పేరు లేదు. భక్తిహీనుని ఆశ్రయం సాలెగూడు వంటిదని యోబు గ్రంథం 8వ అధ్యాయం చెబుతుంది. మనిషి ఆనుకొంటే అది నిలువదు, నిజమే. కాని సాలీడు దాన్ని మనిషి కోసం కట్టుకోలేదు గదా! తన పని మట్టుకు అది ఎంత గట్టిగా కట్టుకొంటుందో తెలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది.

తెల్లవారుజామున కంది చేనులో మంచుబొట్లతో మెరిసే గూడును చూడండి. నడుమ నుండి అంచులకు బండిచక్రం ఆకులవలె కొన్ని పోగులు, వాటి మీద చుట్లు చుట్లుగా జిగురు పోగులు. అమెరికాలోని ఎం.ఐ.టి. పరిశోధకులు 2012లో ప్రకటించిన అధ్యయనంలో ఒక సంగతి తేలింది. గూటిలో ఒకచోట బరువు పడితే ఆ పోగు సాగి సాగి తెగిపోతుంది, మిగిలిన గూడు అట్లాగే నిలిచి ఉంటుంది. పది పోగుల్లో ఒకటి పోయినా గూడు పట్టు తగ్గలేదు. దెబ్బ ఒకచోట ఆగిపోతుంది గనుక మరమ్మతు కూడ అక్కడే చాలును. ఇటువంటి గూళ్లు కట్టే సాలీళ్లు అనేకం పాత పోగులను తానే తినివేసి, ఆ సత్తువతోనే కొత్త గూడు అల్లుకొంటాయి. గూటికి కన్నం పడిందని అలిగి కూర్చున్న సాలీడును ఎవరూ చూడలేదు.

గొలుసుకూ వలకూ తేడా

ఇప్పుడు మన ఊరి చెరువు కట్ట మీదికి వద్దాము. నల్లగొండ, పాలమూరు మెట్టప్రాంతాలు. వాన తక్కువ, నేల ఏటవాలు. పడిన నీరు నిలువక వాగుల వెంట కృష్ణకు పోతుంది. మన పూర్వికులు దీనికి కనిపెట్టిన ఉపాయమే గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండి మత్తడి దుంకితే ఆ నీరు కాలువ వెంట కింది చెరువుకు చేరుతుంది. అది నిండితే దాని కిందిదానికి. కాకతీయుల కాలంలో ఈ పని తెలంగాణ అంతటా విస్తరించింది. నల్లగొండ పక్కన పానగల్లులోని ఉదయసముద్రం కందూరు చోడుల కాలం నాటిది. ఇవాళ అది కాలువ నీటిని నిలువచేసే జలాశయంగా కూడ పనిచేస్తున్నది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీయాలని లెక్కించిన చెరువులు, కుంటలు రాష్ట్రమంతటా కలిపి 46 వేలకు పైగా ఉన్నాయంటే మన పెద్దల చెమట ఎంతో ఊహించండి.

గొలుసు మంచిదే. ఒక ఊరు వదిలిన నీటిని మరొక ఊరు పట్టుకొంటుంది. కాని దానిలో ఒక అపాయం ఉన్నది. నీరు వచ్చే దారి ఒక్కటే. పై ఊరిలో ఎవరైనా కాలువను పూడ్చి పొలంలో కలుపుకొంటే, కింది చెరువు ఎంత గట్టిగా ఉన్నా ఎండిపోతుంది. పై చెరువుకు గండి పడితే ఆ వరద అంతా కింది కట్ట మీద పడుతుంది. 2020 అక్టోబరు వానలకు హైదరాబాదు శివార్లలో అప్ప చెరువు, గుర్రం చెరువు తెగినప్పుడు దిగువ బస్తీలు ఎట్లా మునిగాయో మనమంతా చూశాము.

గొలుసులో ప్రతి కడియానికీ ఒక పైవాడు, ఒక కిందివాడు ఉంటారు. వలలో ప్రతి ముడికీ నాలుగు వైపులా తోడు ఉంటుంది. ఈ తేడా నాకు చెరువుల దగ్గర అర్థం కాలేదు. ఒక అవ్వ ఇంటి గుమ్మంలో అర్థమైంది.

మూడు ఆదివారాలు

మా సంఘంలో ఒక విధవరాలు ఉండేది. గుడిలో ఆడవారి వైపు గోడ పక్కన, కిటికీ కింద ఆమె చోటు. కొడుకూ కోడలూ పూనే పట్టణంలో కట్టడపు పనికి పోయారు. పాలమూరు నుండి అట్లా పోని ఇల్లు ఏది? చేతిఫోను ఉంది గాని, డబ్బులు అయిపోయి అది చాలా రోజులుగా మూగబోయింది.

అది పత్తి ఏరే కాలం. గుడికి వచ్చేవారే తక్కువ. నేను ఆ నెలంతా మందిరం పైకప్పు చందాల కోసం తిరుగుతున్నాను, ఒక పెండ్లి ఏర్పాట్లు, ఒక సమాధి కూటం కూడ ఉన్నాయి. మూడవ వారం మంగళవారం నాడు వేరే పని మీద ఆ వీధిన పోతూ తలుపు సగం తీసి ఉండడం చూసి లోపలికి తొంగిచూశాను. అవ్వ నులక మంచం మీద ఉంది. జ్వరంతో మనిషి సగమైంది. కుండలో నీళ్లు అడుగంటాయి. పక్కింటివారు తెల్లవారకముందే చేనుకు పోయి చీకటి పడ్డాక వస్తున్నారు. ఒకరోజు గంజి ఇచ్చిపోయారట, నయమైందేమో అనుకొన్నారట.

ఆటోలో ఆసుపత్రికి తీసుకొనిపోతుంటే నేను, "అవ్వా, కబురు చేయకపోతివి" అన్నాను. నా తప్పును ఆమె మీద వేయడం కాదా అది? ఆమె కోపపడలేదు. మెల్లగా ఇట్లా అన్నది:

"ఎవలతోని జెప్పంప అయ్యగారూ? ఐతారం ఐతారం గుడి గంట ఇనవడె. నా జాగల ఎవలు గూసున్నరో అనుకున్న."

ఆమె చోటులో ఎవరూ కూర్చోలేదు. అది మూడు ఆదివారాలు ఖాళీగా ఉంది. ప్రసంగవేదిక మీద నిలబడి నేను ఆ కిటికీ వైపే చూసి మాట్లాడాను, కాని ఆ ఖాళీని చూడలేదు.

దేవుని కృపవలన అవ్వ కోలుకొన్నది, మరి కొన్ని సంవత్సరాలు బ్రతికింది. ఆ మాట మాత్రం నా గుండెలో అట్లాగే ఉన్నది. ఎక్కడ తప్పిపోయాము? మా సంఘస్థులు చెడ్డవారు కారు. ఎవరిని అడిగినా, "అయ్యగారు చూసుకొంటున్నారనుకొన్నాము" అన్నారు. అదే మా తప్పు. ప్రతి ఇల్లూ పాస్టరుతో కట్టబడి ఉన్నది, ఇంటికి ఇల్లు కట్టబడి లేదు. పాస్టరు అనే ఒక్క కాలువ పూడిపోతే కింది చెరువు ఎండిపోయింది. మేము సంఘాన్ని వల అనుకొన్నాము గాని, కట్టుకొన్నది గొలుసును.

లేఖనాలలో వల

ఆ తరువాత నేను వలను గూర్చిన లేఖన భాగాలను కొత్తగా చదివాను. కొత్త నిబంధన గ్రీకులో వలకు మూడు మాటలు ఉన్నాయి. పేతురు, అంద్రెయ వేసినది ఒక్కడు చేతితో విసిరే విసురువల. పరలోకరాజ్యమును గూర్చిన ఉపమానంలో (మత్తయి 13) ఉన్నది ఎందరో కలిసి ఒడ్డుకు లాగే పెద్ద వల. మూడవది అన్ని రకాలకూ చెప్పే సాధారణమైన మాట. పెద్ద వలను ఒక్కడు లాగలేడు. రాజ్యపు పని ఒక్కని పని కాదని ఆ మాటలోనే ఉన్నది.

లూకా 5వ అధ్యాయంలో చేపలు విస్తారంగా పడి వలలు పిగిలిపోసాగినప్పుడు పేతురు ఏమి చేశాడు? వేరొక దోనెలోని పాలివారికి సైగ చేశాడు. వల తెగబోయేచోట వలవంటి స్నేహం ఆదుకొన్నది. యోహాను 21లో 153 గొప్ప చేపలు పడినా వల చినుగలేదు.

ఇక బాగుచేయడం సంగతి. యాకోబు, యోహాను చేస్తున్న పనికి మత్తయి వాడిన గ్రీకు మాట కతర్తిజో. గలతీయులకు 6వ అధ్యాయంలో తప్పితములో చిక్కుకొన్న సహోదరుని సాత్వికంతో తిరిగి దారికి తేవడానికి పౌలు వాడిన మాటా అదే. ఎఫెసీయులకు 4వ అధ్యాయంలో పరిశుద్ధులను పరిచర్యకు సిద్ధపరచడానికి వాడినది దాని నుండి పుట్టిన మాట. గ్రీకు వైద్యులు విరిగిన ఎముకను సరిగా కూర్చడానికి కూడ ఈ మాటనే వాడేవారు. అంటే కాపరుల చేతికి ప్రభువు ఇచ్చిన పని జాలరి పనే. తానే వల కావడం కాదు, ముడులను చూసి బాగుచేయడం.

మోషే ఉదయం నుండి సాయంకాలం వరకు ఒక్కడే కూర్చుండి జనులకు తీర్పు తీర్చడం చూసి యిత్రో ఇది మంచిది కాదని హెచ్చరించాడు (నిర్గమ 18). వెయ్యిమందికి, నూరుమందికి, ఏబదిమందికి, పదిమందికి పెద్దలను ఏర్పరచమన్నాడు. మన ప్రాంతపు సంఘ చరిత్ర కూడ ఇదే నేర్పుతుంది. రష్యా దేశపు మెనోనైట్ సహోదరులలో నుండి అబ్రాహాము ఫ్రీసెన్ దంపతులు 1889లో ఈ దేశానికి వచ్చి, బాప్తిస్టు మిషనుతో కలిసి నల్లగొండ క్షేత్రంలో పనిచేశారు. 1899లో అమెరికా నుండి ఎన్.ఎన్. హీబర్ట్ దంపతులు వచ్చాక నాగర్‌కర్నూలు, వనపర్తి, దేవరకొండ వంటి చోట్ల మిషను కేంద్రాలు ఒక్కొక్కటే లేచాయి. కేంద్రాలు కొన్నే, పల్లెలు ఎన్నో. బండి బాటలు కూడ లేని రోజుల్లో విశ్వాసం ఒక్క మిషనరీ వలననే పల్లె పల్లెకూ పాకిందా? ఒక ఇల్లు మరొక ఇంటికి చెప్పుకొన్నది, ఒక చుట్టం మరొక చుట్టాన్ని పట్టుకొన్నాడు.

మేము చేసిన చిన్న ఏర్పాటు

తరువాతి ఆదివారం నేను సంఘం ముందు నా తప్పు ఒప్పుకొన్నాను. సోమశిల పెద్దాయన చెప్పినట్లు, తెగిన పోగును ముందు కోయాలి గదా! ఆ తరువాత సంఘపెద్దలతో కూర్చొని ఒక ఏర్పాటు చేశాము. ప్రతి ఇంటికీ రెండు ఇండ్ల బాధ్యత. ఒకటి తన వీధిలోది, మరొకటి వేరే వీధిలోది. ఆదివారం ఆ రెండు ఇండ్ల వారు కనబడకపోతే పొద్దుగూకేలోపు వెళ్లి పలకరించాలి. వలస పోయేవారు తమ ఫోను నంబరు ఆ రెండు ఇండ్లకూ ఇచ్చిపోవాలి. పాస్టరు ఇంటికి కూడ రెండు ఇండ్లు పెట్టాము. నా భార్యకు జబ్బు చేసినప్పుడు మొదట వచ్చింది వారే.

అంతా సాఫీగా జరిగిందని చెప్పను. గెట్టు తగాదా ఉన్న రెండు ఇండ్లవారు ఒకరి గడప ఒకరు తొక్కమన్నారు. అక్కడ చాలాసార్లు కూర్చోవలసి వచ్చింది. ఒక ఇంటితో ఇంకా కూర్చుంటూనే ఉన్నాము. మరికొందరు పలకరించే నెపంతో ఎవరి ఇంట్లో ఏమి వండారు, ఎవరి కోడలు ఏమన్నది అని ఆరాలు తీయసాగారు. అప్పుడు నేను కృష్ణలోని అలివి వలలను గుర్తుచేశాను. వాటి కండ్లు ఎంత సన్ననివంటే చేపపిల్లలు కూడ తప్పించుకోలేవు. అందుకే వాటిని నిషేధించారు. మంచి వలకు ముడులు ఎంత అవసరమో, ముడుల నడుమ ఖాళీ కూడ అంతే అవసరం. పొరుగువాని కష్టం మన చేతికి తగలాలి గాని, అతని ఇంటి ప్రతి చిన్న మాటా మన వలలో పడనక్కర లేదు.

నిరుడు వానాకాలంలో ఒక ఆదివారం ఆరాధన ముగిశాక ఒక తాత రాలేదని నాకు అనుమానం వచ్చింది. గొడుగు పట్టుకొని వెళ్లేసరికి ఆ ఇంట్లో ఇద్దరు ఉన్నారు. ఒకరు కాలి కట్టు మారుస్తున్నారు, ఒకరు చాయ కాస్తున్నారు. నేను వెళ్లింది మూడవవాడిగా. ఆ రోజు ఇంటికి తిరిగి వస్తూ తోవ పొడుగునా దేవుని స్తుతించాను. అవ్వ ఉంటే ఎంత సంతోషించేదో!

ప్రియులారా, వచ్చే ఆదివారం మీ గుడిలో ప్రార్థన మొదలుకాకముందు ఒక్కసారి తల తిప్పి చూడండి. ఎవరి చోటు ఖాళీగా ఉన్నది? మనలను ఒకరితో ఒకరిని కట్టిన ప్రభువు, జారిన ముడిని చూసే కన్నులను, దాన్ని మళ్లీ వేసే ఓపికను మనకందరికీ దయచేయును గాక. ఆమేన్.

కుటుంబ ప్రార్థనలో మాట్లాడుకోవడానికి

1. మన ఇంటికి కష్టం వస్తే పాస్టరుగారికంటె ముందు ఎవరికి తెలుస్తుంది? ఎవరి కష్టం మనకు ముందు తెలుస్తుంది?

2. మన బంధుత్వాలలో జారిన ముడి ఏది? దాన్ని బాగుచేయడానికి మన వైపు కోయవలసిన తెగిన పోగు ఏమిటి?

3. మన ఊరి నుండి వలసపోయిన ఒక కుటుంబానికి ఈ వారమే ఫోను చేసి, వారితో కలిసి ప్రార్థించండి.